మేనత్త ఆఖరి కూత

ఎండ బెంచీలో సగం దాకా వచ్చేసింది, ఇంకాసేపటికి ఆయన మోకాళ్ల మీద పడుతుంది, ఆలోపే ఇటు జరపాలి, కానీ జరగమంటే ఎందుకండీ అంటాడు, ఎండొస్తోందంటే రానివ్వండి పాపం దాని దారిన అది వస్తుంది అంటాడు, అంతా మర్యాదే మళ్లీ, ఆ మర్యాదకే ఆమెకు ఒళ్లు మండుతుంది, ఇన్నేళ్లు కాపురం చేసిన మనిషి రైల్లో పక్క సీటు ప్రయాణికురాలితో మాట్లాడినట్టు మాట్లాడితే ఎవరికి మండదు. సరే, వచ్చినప్పుడు చూసుకోవచ్చు. రోడ్డుకు అవతల ఫైర్‌స్టేషన్, దాని పెరట్లో ఇనప టవరు, టవరు నెత్తిన మేనత్త. మేనత్త అంటే మనిషి కాదు, సైరన్. ఒకదాని మీద ఒకటి పెట్టిన రెండు గళ్ల డ్రమ్ములు, పైన గొడుగులాంటి రేకు టోపీ, మధ్యలో మోటారు. మోటారు తిరిగితే రెండు గొంతులు ఒకేసారి లేస్తాయి, ఒకటి దీవిస్తున్నట్టు, ఒకటి దెప్పుతున్నట్టు, అందుకే ఆ పేరు. పెట్టింది ఆయనే. పాత సైరన్లన్నిటికీ ఇలాగే చుట్టరికాలు కలిపేవాడు. నీళ్ల ట్యాంకు మీద ఉండేది తోడికోడలు, పక్కది మోగితే చాలు తనూ మొదలెట్టేది. నూలు మిల్లు మీదది మామగారు, ఓ పట్టాన గొంతు లేవదు, లేచిందా ఇక ఆపడం ఎవరి తరమూ కాదు. ఈ సంగతి ఆమె తండ్రి చెవిన పడి ఆయన కొన్నాళ్లు అల్లుడితో మాట్లాడటం మానేశాడు, మానేస్తేనే హాయిగా ఉందే అన్నాడు ఈయన వంటింట్లోకి వచ్చి గుసగుసగా. ఈ మామగారూ లేడు, ఆ మామగారూ లేడు. ఒకాయన్ని మనుషులు మోసుకెళ్లారు, ఒకదాన్ని పాత ఇనుము లారీ మోసుకెళ్లింది. తోడికోడలూ పోయింది, రేవు దగ్గరిదీ పోయింది. ఊళ్లో మిగిలింది మేనత్త ఒక్కతే, ఆవిడ కోసం పొద్దున్నే క్రేను వచ్చి గేటు దగ్గర మెడ ముడుచుకుని నిలబడింది.

"పన్నెండింటికి ఒక్కసారి మోగిస్తానమ్మా, మీ సారు కోసం," అన్నాడు ఫైర్‌స్టేషన్ పెద్దాయన, లోపలికెళ్తూ. "ఆ తర్వాత దించెయ్యడమే. ఇప్పుడు హెచ్చరికలన్నీ ఫోన్లోనే వస్తున్నాయిగా, దీని అరుపు ఎవడిక్కావాలి." ఆయన కోసం అన్న మాట బాగుంది, ఆయనకు తెలిస్తే కదా. ఆయన క్రేను వైపు చూస్తున్నాడు, కాదు, క్రేను డ్రైవరు ఒలుస్తున్న కమలాపండు వైపు చూస్తున్నాడు. చొక్కా గుండీలు ఒకటి తప్పి ఒకటి పెట్టుకున్నాడు, పొద్దున ఆమె సరిచేయబోతే చెయ్యి వెనక్కి లాక్కున్నాడు, పరాయి ఆడమనిషి గుండెల మీద చెయ్యేస్తే పెద్దమనిషి ఎవరైనా అలాగే లాక్కుంటాడు, తప్పు పట్టడానికేముంది. తప్పు పట్టడానికి ఏమీ లేదు, ఆ గుండీ మాత్రం ఇప్పటికీ వంకరగానే ఉంది, దాన్ని చూడకూడదనుకుంటే చూపు అక్కడికే పోతోంది.

ఈ సైరన్ల పిచ్చి ఆయనకు లిఫ్టుల వల్ల పట్టింది. ఆయన లిఫ్టు మెకానిక్కు, లిఫ్టు మోటారు గది ఎప్పుడూ మేడ నెత్తినే ఉంటుంది, రోజంతా మేడల మీదే బతుకు, అక్కణ్ణుంచి చూస్తే కింద నడిచేవాళ్లు తలెత్తి చూడనివన్నీ కనబడతాయి. ఊరికి ఆపద వస్తే అరవడానికని పెట్టిన గొంతులు, ఏ ఆపదా లేకపోతే నెలకోసారి గొంతు సవరించుకుని ఊరుకునేవి. వాటిని వెతుక్కుంటూ పోయేవాడు, నాలుగు పక్కలా ఫోటోలు, టోపీకి ఎంత తుప్పు, డ్రమ్ముకు ఎన్ని గళ్లు, ఏ రోజు మోగిస్తారో వాచ్‌మన్‌ని బతిమాలి కనుక్కుని ఆ రోజు సెలవు పెట్టి మరీ రికార్డింగు. ఇదంతా ఎవరడిగారయ్యా అంటే ఎవరూ అడగలేదు. ఆమె ఆయన గొంతు మొదట విన్నది కూడా లిఫ్టులోనే. కళ్లజోళ్ల దుకాణంలో పనికి కొత్తగా చేరింది, దుకాణం పై అంతస్తులో, లిఫ్టు మధ్యలో ఆగిపోయింది, చీకటి, ఆమె తలుపులు బాదుతుంటే పైనుంచి ఎవరో భయపడకండి నేను వచ్చేశాను అన్నారు, అమ్మయ్య అనుకునేలోపు ఎక్కడో మిల్లు సైరన్ లేచింది, అంతే, పైమనిషి పని ఆపేసి ఒక్క నిమిషం మాట్లాడకండి అన్నాడు. లిఫ్టు తాడుకేదో అయిందనుకుని ఆమె ఊపిరి బిగబట్టింది, కాలు కూడా కదపలేదు. అంతా సద్దుమణిగాక ఆ గొంతు, అబ్బ, ఎంత బాగా దిగిందో విన్నారా అంది. బయటికొచ్చాక ఆమె అతన్ని దులిపేసింది, చెడామడా తిట్టింది, అతను చివరి మాట దాకా చెవులు రిక్కించి విని, మీరు కూడా చివర్లో బాగా దిగారండీ అన్నాడు. మర్నాడు కళ్లు పరీక్ష చేయించుకోవడానికని దుకాణానికి వచ్చాడు. కళ్లు రెండూ నిక్షేపంగా ఉన్నాయి, గోడమీది అక్షరాల్లో చివరి వరస కావాలని తప్పు చదివాడు, ఆమెకు తెలుసు, తెలిసి కూడా అద్దాలు అమ్మింది. ఆ అద్దాల్లోంచి చూస్తే ఏమీ కనబడదని పెళ్లయ్యాక ఒప్పుకున్నాడు.

తోక సంగతి నేర్పింది కూడా ఆయనే. స్విచ్చి కట్టేసినంత మాత్రాన సైరన్ ఆగదు, లోపలి చక్రం తిరుగుతూ తిరుగుతూ నెమ్మదిస్తుంది, మోత మూలుగవుతుంది, మూలుగు గొణుగుడవుతుంది, గొణుగుడు చెవికి అందీ అందకుండా గాలిలో కలిసిపోతుంది, అదంతా తోక. కొత్తవాళ్లు చేసే తప్పు ఒకటే, మోత తగ్గగానే అయిపోయిందనుకుని రికార్డరు ఆపేస్తారు. తోక లేని రికార్డింగు రికార్డింగే కాదనేవాడు, చావు కబురు సగం విని వచ్చేసినట్టు అనేవాడు. రికార్డరు తిరుగుతున్నంతసేపూ మాట్లాడకూడదు కాబట్టి వాళ్లిద్దరికీ చేతుల భాష ఒకటి పుట్టింది, ఎవరూ కూర్చుని పెట్టుకున్నది కాదు, దానంతటదే వచ్చింది. ఆమె ఒళ్లో రికార్డరు, ఆమె మణికట్టు మీద ఆయన చెయ్యి. ఒక్క నొక్కు నొక్కితే, మొదలైంది. బొటనవేలు అలాగే ఆనించి ఉంచితే, తోక ఉంది, ఆపకు. చెయ్యి తీసేస్తే, అయిపోయింది. ఆ తర్వాత రికార్డరు ఆపేముందు ఆయన ఫలానా చోటు, ఫలానా సైరన్, గాలి ఇలా ఉంది, మబ్బు అలా ఉంది అని నాలుగు ముక్కలు చెప్పి, విన్నవాళ్లిద్దరు, నేను, మా ఆవిడ అని ముగించేవాడు. ప్రతిసారీ అదే ముగింపు. ఒకసారి నూలు మిల్లు దగ్గర ఆమెకు తుమ్ము ముంచుకొచ్చి తొందరపడి తోక మధ్యలోనే ఆపేసింది, మళ్లీ వద్దాంలే అనుకున్నారు, మళ్లీ వెళ్లేసరికి మామగారు లారీ ఎక్కేశాడు. ఆయన పల్లెత్తు మాట అనలేదు, ఇంటికొచ్చి గది తలుపు వేసుకుని, మిగతా తోకను తన నోటితోనే మూలిగి అతికించాడు. ఇప్పటికీ ఆ రికార్డింగు వింటే సగం దాకా మిల్లు, ఆ తర్వాత ఊఁ అంటూ మొగుడు. పాపకు అది వినిపిస్తే గానీ నిద్రపోయేది కాదు, రికార్డింగు ఎందుకులే అని ఆయనే పక్కన పడుకుని మూలిగేవాడు, పాప నిద్రపోయేది, ఆయనా నిద్రపోయేవాడు, నిద్రలో కూడా తోక పూర్తయ్యేదాకా మూలిగేవాడు.

అలాంటి మనిషి. అలాంటి మనిషి ఓ వానాకాలం సాయంత్రం రేవు దగ్గర, సైరన్ ఇంకా నీళ్ల మీద మూలుగుతుండగానే, ఆమె ఒళ్లోంచి రికార్డరు తీసుకుని టక్కున ఆపేశాడు. పద, అయిపోయింది అన్నాడు. తోక ఉందండీ అంది ఆమె. తోకేంటే, అని నవ్వాడు, ఆమె ఏదో హాస్యమాడిందనుకున్నాడు. డాక్టరు తర్వాత చెప్పాడు, బొమ్మలు చూపించి పేర్లడిగి, గడియారం గీయమని, తలకు ఏవేవో ఫోటోలు తీయించి, తర్వాత చెప్పాడు. ఆమెకు మాత్రం ఆ మూలుగు సగంలో తెగినప్పుడే తెలిసిపోయింది, ఇంటిదాకా ఆయన వెనకే నడుస్తూ, వానలో ఎవరికీ కనబడదు కదా అని హాయిగా ఏడ్చింది. ఆ తర్వాత ఒక్కొక్కటే. ముందు వీధుల పేర్లు, తర్వాత లిఫ్టు కంపెనీల పేర్లు, ఆ తర్వాత కూతురి పేరు, అన్నీ పోయినా తన పేరు పోదని ఆమెకు ఎందుకో మొండి ధీమా, తన వంతు వచ్చినప్పుడు అది చప్పుడు కూడా చేయలేదు. ఒకరోజు పొద్దున్నే కాఫీ అందుకుంటూ థాంక్సండీ అన్నాడు. అంతే సంగతులు.

కిందటి వారం కూరగాయలకని వెళ్లొచ్చేసరికి లోపల గడియ పెట్టుకున్నాడు. తలుపు కొడితే, ఎవరండీ అన్నాడు. నేనేనండీ అంది. మా ఆవిడ ఇంట్లో లేదండీ, తర్వాత రండి అన్నాడు, చక్కగా, ఏ తగాదా లేకుండా. మీ ఆవిణ్ణి నేనే అంటే, జాలిగా, అలా అనకూడదమ్మా, తప్పు అన్నాడు. కూతురు వచ్చేదాకా ఆమె మెట్ల మీద కూర్చుంది, సంచీలో టమాటాలు చితికిపోయాయి, మెట్లెక్కుతున్నవాళ్లు ఏంటి పిన్నిగారూ ఇక్కడ కూర్చున్నారంటే గాలి కోసమని చెప్పింది. ఆ సాయంత్రమే కూతురు కచ్చితంగా చెప్పేసింది. కూతురు చెడ్డది కాదు, ఎవరన్నారు, తండ్రిని నెత్తిన పెట్టుకుని చూస్తుంది, నిద్రలేక కళ్ల కింద నలుపులు. "అమ్మా, రేపు నువ్వు పడిపోతే ఇద్దర్నీ ఎవరు చూస్తారు? నేను వెళ్లి చూసొచ్చాను, నాన్నలాంటివాళ్లని చూసుకునే హోమ్, చాలా శుభ్రంగా ఉంది. కిటికీలోంచి చెట్లు కనబడతాయి. రోజూ వెళ్లి చూడొచ్చు. గది ఆదివారం సాయంత్రం దాకా ఉంచుతామన్నారు." అని, గొంతు తగ్గించి, ఎటో చూస్తూ, "నాన్నకి నువ్వెవరో తెలీనప్పుడు ఎవరు చూసుకున్నా ఒకటే కదమ్మా," అంది. అని తనే ఏడ్చింది. పిల్ల నిజమే చెప్పింది. ఇవాళ ఆదివారం.

అందుకే వచ్చింది ఇక్కడికి. మేనత్తను సాగనంపడానికని కూతురితో చెప్పింది, ఎండలో ఎందుకమ్మా అంది కూతురు, ఒక్కసారికేలే అంది. లోపల అనుకున్నది వేరు, ఎవరితోనూ చెప్పలేదు, చెబితే నవ్విపోతారు, కళ్లజోళ్లు అమ్మి బతికినదానివి, కనబడితే కనబడుతుంది లేకపోతే లేదు అని రోజుకు పదిమందికి చెప్పినదానివి, నువ్వు ఇలాంటి పందేలు కాస్తావా అంటారు. కాసింది. మేనత్త మోగినప్పుడు ఆయన తనను గుర్తుపడితే ఎక్కడికీ పంపదు, మంచాన పడితే పడుతుంది, ఇద్దరూ కలిసే పడతారు. గుర్తుపట్టకపోతే సాయంత్రం ఫోన్ చేసి సరేనంటుంది. ఒక్కసారి చాలు, ఒక్క క్షణం, ఏమే అని పిలిస్తే చాలు, పేరు కూడా అక్కర్లేదు. డాక్టరే అన్నాడుగా, పాటలూ చప్పుళ్లూ లోపలెక్కడో ఆఖర్న పోతాయని. అన్నాడా, లేక ఆమే అలా విన్నదా. ఏమో. క్రేను డ్రైవరు కమలాపండు తినడం అయిపోయింది, తొక్కలు మడిచి జేబులో పెట్టుకున్నాడు, మంచివాడే. పావురాలు మేనత్త టోపీ మీద వరసగా కూర్చున్నాయి, వాటికి ఎవరూ చెప్పినట్టు లేదు.

"అదేంటో తెలుసా అండీ?" అని టవరు వైపు చూపించింది, ఉండబట్టలేక.

ఆయన చెయ్యి అడ్డంపెట్టుకుని చూశాడు. చాలాసేపు చూశాడు. కనుబొమలు దగ్గరికొచ్చాయి, ఆమె ప్రాణాలన్నీ ఆ కనుబొమల మధ్యకు వచ్చి నిలబడ్డాయి.

"టవరండీ," అన్నాడు.

"టవరు మీద?"

"పావురాలు." తనేదో పరీక్షలో నెగ్గినట్టు నవ్వాడు, ఆ నవ్వు ఏమీ మారలేదు, పోయినవాటిలో నవ్వు లేదు, అదే ఘోరం. మనిషి మొత్తం మారిపోతే ఏడ్చి ఊరుకోవచ్చు. ఇల్లంతా ఖాళీ చేసి కిటికీలో దీపం మాత్రం వెలిగించి పోయారు ఎవరో, దారినపోతూ చూసినప్పుడల్లా లోపల ఉన్నారనుకుని తలుపు కొట్టబుద్ధవుతుంది. ఆమె రికార్డరు ఒళ్లో పెట్టుకుని బటన్ నొక్కింది, ఎర్ర చుక్క వెలిగింది, ఇక మాట్లాడకూడదు, మాట్లాడటానికి మాత్రం ఏముంది గనక. పెద్దాయన గుమ్మంలోకి వచ్చి చెయ్యి ఊపి లోపలికి వెళ్లాడు. మోగకపోతే బాగుండు, అనుకుంది హఠాత్తుగా, మోటారు కాలిపోయి మోగకపోతే బాగుండు, మోగకపోతే పందెం లేదు, పందెం లేకపోతే ఓడిపోవడమూ లేదు, భగవంతుడా, ఒక్క పూట

మేనత్త గొంతు విప్పింది. ముందు అడుగునెక్కడో గురక, తర్వాత రెండు గొంతులూ ఒకదాన్నొకటి తోసుకుంటూ లేచాయి, పావురాలు ఒక్కసారిగా విదిలించినట్టు ఎగిరిపోయాయి, బెంచీ కింద నేల అదిరింది, పళ్లు అదిరాయి, డ్రైవరు చెవులు మూసుకున్నాడు, దీవిస్తున్న గొంతు పైకి, దెప్పుతున్న గొంతు దాని వెనకే, ఊరి మీద అంత ఎత్తున ఇన్నాళ్లూ ఒక్కతే నిలబడి ఏడవాల్సిందంతా ఒక్కసారే ఏడుస్తున్నట్టు, ఆమె ఆయన మొహం చూడలేక ఒళ్లోని ఎర్ర చుక్కను చూస్తూ కూర్చుంది, అప్పుడు మణికట్టు మీద చెయ్యి పడింది. ఒక్క నొక్కు. మొదలైంది. ఆ చెయ్యే, బొటనవేలి పక్కన లిఫ్టు తాడు కోసిన పాత మచ్చ, ఆ బరువే, ఆ వెచ్చదనమే, ఎన్ని మేడల మీద, ఎన్ని గేట్ల ముందు, పాప కడుపులో ఉన్నప్పుడు, పాపను చంకనేసుకున్నప్పుడు, తండ్రి పోయిన నెలలో, ఆ చెయ్యే. మోత శిఖరాన నిలబడి నిలబడి విరిగింది, స్విచ్చి కట్టేశారు, గొంతులు రెండూ దిగడం మొదలుపెట్టాయి, దెప్పే గొంతు ముందు అలిసిపోయింది, దీవించే గొంతు ఇంకాసేపు నిలిచింది. బొటనవేలు ఆనింది. తోక ఉంది, ఆపకు. ఆపనండీ, ఆపను, ఈ జన్మకు ఆపను, అనుకుంది, కళ్లనుంచి కారుతున్నది తుడుచుకోవడానికి కూడా రెండో చెయ్యి కదపలేదు, చప్పుడు రికార్డింగులో పడుతుందని. మూలుగు, గొణుగుడు, చక్రం ఆఖరి చుట్లు, ఇనుము ఇనుముకు ఏదో చెప్పుకుంటున్నంత సన్నగా, అటు తర్వాత గాలి. అయినా బొటనవేలు లేవలేదు. ఆమెకు ఏమీ వినబడటం లేదు, ఆయనకు ఇంకా వినబడుతోంది. ఎప్పుడూ అంతే, ఆయనకు ఎప్పుడూ ఇంకాస్త వినబడేది.

ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఫైర్‌స్టేషన్ టవరు," అన్నాడు, తడుముకోకుండా, పాత గొంతుతో, "జంట డ్రమ్ముల సైరన్. మేనత్త. కింది గొంతు కాస్త బొంగురుపోయింది. గాలి లేదు, మబ్బు లేదు. పావురాలు లేచాయి. విన్నవాళ్లిద్దరు. నేను, మా ఆవిడ."

నెగ్గింది. ఆమె మొహమంతా తడిసిపోయి ఆయన వైపు తిరిగింది, ఏమండీ అనబోయింది. ఆయన కూడా ఆమె వైపు తిరిగాడు. చూశాడు. తర్వాత ఆ చూపు కిందికి దిగి, పరాయి ఆడమనిషి మణికట్టును పట్టుకుని ఉన్న తన చేతి మీద ఆగింది.

"అయ్యో," అని చెయ్యి తీసేశాడు, కాలినట్టు. "క్షమించండి. ఏమనుకోకండి. మా ఆవిడ అనుకున్నానండీ."

"పర్వాలేదు," అంది ఆమె.

"పక్కన ఆవిడే ఉంటుంది ఎప్పుడూ. అలవాటులో పట్టేసుకున్నాను. మీరు ఏడుస్తున్నారు, నావల్లేనా?"

"కాదండీ. ఎండకి."

ఆయన తల ఊపాడు, నమ్మాడు. రోడ్డు అటూ ఇటూ చూశాడు, బస్సు కోసం చూసినట్టు. "ఇంత మంచి తోక, వినకుండా పోయింది. వస్తుందిలెండి. చెప్పకుండా మానేసే మనిషి కాదు." చేతులు రెండూ మోకాళ్ల మధ్య పెట్టుకుని, సిగ్గుపడుతూ, చిన్నపిల్లాడిలా అడిగాడు. "మీకేం పని లేకపోతే, ఆవిడ వచ్చేదాకా కాస్త ఇక్కడ కూర్చుంటారా? ఒక్కణ్ణే ఉంటే ఎటు పోవాలో తెలీడం లేదండీ."

"కూర్చుంటాను," అంది.

సంచీలో ఫోన్ మోగింది. కూతురు. హోమ్ వాళ్లు మళ్లీ ఫోన్ చేశారమ్మా, ఏం చెప్పమంటావ్, అని అడుగుతోంది, వెనక ఏవో గిన్నెల చప్పుడు. రోడ్డుకు అవతల క్రేను మెడ చాచింది, ఒకతను టవరెక్కి మేనత్త నడుముకు పట్టీ కడుతున్నాడు. ఆమె ఫోన్ చెవికి ఆనించుకుని ఆ పట్టీ బిగిసేదాకా చూసింది.

"వద్దని చెప్పెయ్యవే," అంది. "మీ నాన్న నా కోసం చూస్తున్నారు."

ఎండ ఆయన మోకాళ్ల మీదికి వచ్చేసింది. ఆమె జరగమనలేదు. లేచి, ఇటునుంచి అటు వెళ్లి, ఒక మనిషి పట్టేంత దూరం మధ్యలో వదిలి, తన నీడ ఆయన మీద పడేలా కూర్చుంది. రికార్డరు ఆపలేదు.